బరువు నేల మీద ఉన్నప్పుడు

ఏప్రిల్ 6

మామయ్యగారికి నమస్కారం.

నేను మీ అక్క కూతుర్ని. పదకొండేళ్ల తర్వాత ఉత్తరం వస్తే ఎవరిదా అని కవరు వెనక్కి తిప్పి చూస్తారని మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను. అమ్మ బాగానే ఉంది. మోకాళ్లు తప్ప అన్నీ ఆమె మాట వింటున్నాయి.

మీ మిల్లుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ మీరే తీశారు. "హలో, హలో, ఇక్కడ చప్పుడు, ఏమీ తెలియడం లేదు" అని పెట్టేశారు. నా గొంతు గుర్తుపట్టి పెట్టేశారో, గుర్తుపట్టక పెట్టేశారో తెలియదు. ఏదైనా బాధే.

విషయానికి వస్తాను. నేను పశువుల డాక్టర్నయ్యాను. ఇక్కడి కొండ మీద పదహారు చోట్ల పశువుల పాకలున్నాయి. పోయిన వానాకాలం గొంతువాపు జబ్బు వచ్చి, డాక్టరు పైకి చేరేలోపే నలభై పశువులు పోయాయి. ఆఫీసు బండి ఆ బురద ఎక్కదు. నాలుగు చక్రాలూ లాగే సొంత జీపు ఉంటే ఆ దారి నాకే అప్పగిస్తామన్నారు. మన షెడ్డులో ఒకటుంది. నాన్న ఆఖరిసారి తోలినదే, ఆ కొండ రోడ్డు అంచున పక్కకి ఒరిగి లోయలోకి జారిపోయినదే.

ఇంజనూ బ్రేకులూ బాడీ మొత్తం వర్క్‌షాపు వాళ్లు బాగుచేశారు. కింద కమాన్లు, బుష్షులు, షాకబ్జర్లు అరిగిపోయాయని, వాటికి వానలు వెళ్లేదాకా తమకు తీరిక లేదని చేతులెత్తేశారు. నాకు వానల ముందే కావాలి. ఇంట్లోనే, మన షెడ్డులోనే చేద్దామనుకుంటున్నాను. ఎలాగో రాయగలరా? చిన్నప్పుడు మీకు పానాలు అందించిన చేతులే ఇవి.

మీ మేనకోడలు

ఏప్రిల్ 15

పానా,

నీ పేరు అదే. ఎంత డాక్టరువైనా, పన్నెండో నంబరు అడిగితే పద్నాలుగు అందించి నవ్వే పిల్లకి నేను పెట్టిన పేరు మార్చను. ఎప్పటి నుంచి నేను 'మీరు' అయ్యాను? ఆ 'గారు' కూడా తీసేయ్. కొత్త చొక్కా మెడ దగ్గర గీరుకున్నట్టుంది.

ఫోన్ చేయకు. కోపం కాదు. ఇది నూలు మిల్లు. రెండు వందల మరలు ఒకేసారి తిరుగుతుంటే ఎవరి మాటా ఎవరికీ అందదు. అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. దారం తెగితే రెండు వేళ్లు, టీ వేళైతే బొటనవేలు. జీపుల పని వదిలేశాక ఇక్కడికొచ్చి మరలు బాగుచేస్తున్నాను. నాకు హాయిగానే ఉంది.

జీపు అప్పుడే విప్పకు. ముందు విను. షెడ్డులోంచి తీసి మెల్లగా తోలు. ఒక గుంటలో దింపు, బ్రేకు వెయ్యి. వచ్చిన చప్పుడు అక్షరాల్లో రాయి. 'ఏదో చప్పుడు' అని రాశావంటే ఉత్తరం చింపేస్తాను. కిర్రుమందా, ఠంగుమందా, టకటకలాడిందా? చప్పుళ్లు రాయడానికి మన భాషలో మాటలకి కొదవేం లేదు. నీ చెవికి అందింది అందినట్టు రాస్తే, నేనక్కడ నిలబడి ఉన్నట్టే.

అక్క ఈ పని గురించి ఏమైనా అందా? అంటే ఏమందో రాయి. అనకపోతే అనలేదని రాయి.

ఎప్పటికీ 'నువ్వు' అనిపించుకునే
మామయ్య

ఏప్రిల్ 23

మామయ్యా,

'నువ్వు' అని రాయడానికి చెయ్యి కాసేపు మొరాయించింది. ఇప్పుడు దారిలో పడింది.

చప్పుళ్లు రాసుకో. గేటు దగ్గర కాలువ మీద బండ దాటుతుంటే 'కిర్‌ర్‌ర్, కిర్‌ర్‌ర్', తుప్పు పట్టిన తలుపు తీసినట్టు. బ్రేకు వేస్తే వెనక ఎడమ పక్క 'ఠంగ్', ఒక్కసారే, చేతిలోంచి గిన్నె జారినట్టు. గుంటలో దింపితే చప్పుడు లేదు గానీ, బండి నాలుగుసార్లు ఊగి గానీ ఆగలేదు. అప్పుడు 'కలుక్కు'మన్నది నా నడుము. నా పశువులు ఇలా నడిస్తే తుంటి కీలు పోయిందని రాస్తాను.

అమ్మ ఏమీ అనలేదు. ఇంజను కదలగానే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. షెడ్డులో పెట్టాక బయటికొచ్చి, "వాడు రాశాడా?" అంది. రాశాడన్నాను. ఏం రాశాడని అడిగితే, ముందు చప్పుళ్లు వినమన్నాడని చెప్పాను. "ఇంకేం రాయలేదా?" అంది. లేదన్నాను. సరేలే అని పని చూసుకుంది. నీ పేరెత్తితే ఈ ఇంట్లో గోడలు కూడా నోరు మెదపవు. నాన్న పోయిన నెలలోనే నువ్వెందుకు వెళ్లిపోయావో ఈరోజుకీ నాకెవరూ చెప్పలేదు.

నడుము పట్టేసిన
పానా

మే 1

పానా,

బాగా రాశావు. చదువుతుంటే జీపు కళ్ల ముందు కదిలింది.

కిర్రుమనేది కమాన్లు. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల మధ్య తుప్పు చేరింది. విప్పి, ఇనుప బ్రష్షుతో రుద్ది, గ్రీజు పూసి మళ్లీ కట్టు. ఠంగుమనేది షాకిల్, అంటే కమాను చివర్ని చట్రానికి పట్టి ఉంచే జంట పలకలు. దాని బోల్టు చుట్టూ రబ్బరు బుష్షు ఉంటుంది. ఆ రబ్బరు పోతే ఇనుముకి ఇనుము కొట్టుకుంటుంది. నాలుగుసార్లు ఊగిందంటే షాకబ్జర్లు చచ్చిపోయాయి. వాటికి ఏ డాక్టరూ అక్కర్లేదు, పారెయ్.

ఇక జాగ్రత్త. జాకీని నమ్మి బండి కిందికి దూరకు. చట్రం కింద ఇనుప స్టాండ్లు పెట్టాకే తల లోపల పెట్టు. ఇటుకలు అసలే వద్దు, అవి చెప్పా పెట్టకుండా పగులుతాయి. బోల్టులకి మూడు రోజులు నూనె పట్టించు. ఒక పక్క పూర్తిగా తిరిగి అమర్చేదాకా రెండో పక్క ముట్టుకోకు. ఏది ఎటు ఉండేదో మర్చిపోతే ఆ రెండో పక్కే నీకు పుస్తకం. విప్పినవి విప్పిన వరసలో గోనెపట్టా మీద పేర్చు. ఒక్కో కమానుకి మూడేసి, మొత్తం పన్నెండు బోల్టులు. కొత్త బుష్షులు ఇక్కడ మంచివి దొరుకుతాయి, పార్సిల్ చేశాను.

పాతవి విప్పాక ఎలా ఉన్నాయో రాయి. బిగించే సంగతి అప్పుడు చెబుతాను.

మామయ్య

మే 12

మామయ్యా,

పార్సిల్ అందింది. పాత చొక్కాలో చుట్టి పంపావు. చొక్కా కూడా ఉంచేసుకున్నాను, గ్రీజు తుడుచుకోవడానికి.

ఎడమ పక్క అయింది. ఆ షాకిల్ బోల్టు ఊడిరావడానికి రెండు రోజులు పట్టింది. దూడ అడ్డం తిరిగినప్పుడు కూడా ఇంత చెమట పట్టలేదు. కొత్త బుష్షులు సబ్బునీళ్లతో నెట్టి కూర్చోబెట్టాను. బోల్టులు చేత్తో తిప్పి వదిలాను. జీపు స్టాండ్ల మీదే ఉంది, చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి.

ఒక సంగతి అర్థం కాలేదు. పాత బుష్షులు ఎటుపడితే అటు అరగలేదు. అన్నీ ఒక పక్కకే మెలితిరిగి, ఆ పక్కనే చిరిగి ఉన్నాయి. ఎవరో పట్టుకుని పిండినట్టు. ఎందుకలా?

అమ్మ టీ తెచ్చి మొదటిసారి షెడ్డు లోపలికి వచ్చింది. గోనెపట్టా మీదున్న పాత బుష్షు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పిడికిట్లో పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అడిగితే ఇవ్వలేదు.

బిగింపు గురించి వెంటనే రాయి. ఈ నెలాఖరుకి పూర్తవ్వాలి.

పానా

మే 19

పానా,

నువ్వు చేసింది చాలు. మిగతా బుష్షులు కూడా ఎక్కించు, కానీ బిగించకు. ఆ ఒక్క పనికి వర్క్‌షాపు నుంచి ఎవరైనా బలమైన మనిషిని ఇంటికి పిలిపించు. ఆ బిగింపుకి నీ చేతి బలం చాలదు.

మిల్లులో పని ఎక్కువగా ఉంది. ఇంతకంటే రాయలేను.

మామయ్య

మే 27

మామయ్యగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడానికి అందులో ఏమీ లేదు. అడిగినదానికి జవాబు లేదు.

చేతి బలం చాలదట. భుజం దాకా చెయ్యి పెట్టి, బతికున్న దూడని తల్లి కడుపులోంచి లాగే చేతులివి. ఆడపిల్లవి, నీ వల్ల కాదు అనాలనుకుంటే సూటిగా అనాల్సింది. ఆ మాట నాకు వర్క్‌షాపులో వినపడింది, ఆఫీసులో వినపడింది. మీ దగ్గర వినపడదనుకున్నాను.

పన్నెండు బోల్టులూ నేనే బిగించాను. పానాకి గజం పొడుగు గొట్టం తొడిగి, స్టాండ్ల మీద ఉన్న జీపు కింద పడుకుని, కాలితో తన్ని మరీ బిగించాను. ఒక్కటి కూడా వెంట్రుక వాసి కదలదు. ఆ తర్వాతే చక్రాలు నేల మీదికి దించాను. జూన్ ఒకటి నుంచి కొండ దారి నాది.

బుష్షులు పంపినందుకు కృతజ్ఞతలు. ఇక మిమ్మల్ని విసిగించను.

మీ అక్క కూతురు

జూన్ 30

మామయ్యగారికి,

విసిగించనని రాసి నెల తిరక్కుండానే రాస్తున్నాను. అమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను.

నెల రోజులుగా వారానికి రెండుసార్లు కొండ ఎక్కుతున్నాను. వానలు పడ్డాయి. పదకొండు పాకల్లో టీకాలు వేశాను, ఐదు మిగిలాయి. పది రోజుల నుంచి ఒక చప్పుడు. చక్రం గుంటలో దిగి లేచేటప్పుడు 'కీచ్-టుక్'. మళ్లీ గుంట, మళ్లీ 'కీచ్-టుక్'. వెనక ఎడమ పక్కే. ఎక్కిళ్లు వచ్చిన మనిషిలా ఉంది. బోల్టులన్నీ చూశాను, బిగింపు ఎక్కడా వదల్లేదు.

నిన్న భోజనం దగ్గర అమ్మతో ఊరికే ఆ చప్పుడు నోటితో చేసి చూపించాను. అమ్మ కంచం పక్కన పెట్టేసింది. "మీ నాన్న కూడా అచ్చం ఇలాగే అనేవారు" అంది. చెయ్యి కడుక్కొచ్చి, "మామయ్యకి రాయి. ఈ చప్పుడు ఉన్నదున్నట్టు రాయి. ఫోన్ వద్దు, రాయి" అంది. ఎందుకో చెప్పలేదు.

మిగిలిన ఐదు పాకలూ అన్నిటికంటే పైనున్నవి. వెళ్లవచ్చో లేదో చెప్పండి.

మీ మేనకోడలు

జూలై 6

నా తల్లీ,

ఇది అందిన క్షణం నుంచి జీపు కదపకు. ముందు చేయాల్సింది చెబుతాను, తర్వాత చెప్పాల్సింది చెబుతాను.

మళ్లీ స్టాండ్ల మీదికెత్తి పన్నెండు బోల్టులూ వదులు చెయ్యి. వెనక ఎడమ బుష్షులు చిరిగి ఉంటాయి, పార్సిల్‌లో వేరేవి పంపాను, మార్చు. తర్వాత స్టాండ్లు తీసి జీపుని నాలుగు చక్రాల మీద నేలకి దించు. రోజూ మోసే సామానంతా ఎక్కించు. ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తొయ్యి. జీపు తన బరువు తాను మోస్తూ నిలబడ్డాకే, కిందికి దూరి చివరి బిగింపు బిగించు. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ వాటంలోనే ఇరుక్కుపోతుంది. నేల మీదికి రాగానే మెలితిరుగుతుంది. గుంట గుంటకీ ఇంకాస్త తిరిగి ఒక పక్కన చిరుగుతుంది. నీ పాత బుష్షులు అలా చిరిగింది అందుకే. వాటిని బిగించింది నేను.

ఈ సంగతి ఇరవై ఏళ్లు అందరికీ నేర్పినవాణ్ణి. ఆ రోజు ఇంకో బండి కోసం ఎవరో తొందరపెడుతుంటే, తర్వాత వదులు చేసి బిగిద్దాంలే అని గాల్లోనే బిగించేశాను. ఆ 'తర్వాత' అన్నది రానే లేదు.

నెల తిరిగాక మీ నాన్న వచ్చాడు. "బావమరిదీ, కీచ్-టుక్ అంటోందయ్యా" అన్నాడు. పక్కన కూర్చుని ఊరంతా తిరిగాను. నాకేమీ వినపడలేదు.

అంతకు రెండేళ్ల ముందు నుంచే నాకు చెవులు పోతున్నాయి తల్లీ. చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్కుని అని పేరు. ఆ పేరుతోనే తిన్నాను. చెవులు పోయాయని తెలిస్తే నా దగ్గరికి బండి ఎవరు తెస్తారు? మనుషుల పెదాలు చూసి మాట పట్టుకునేవాణ్ణి, బండి మీద చెయ్యి పెట్టి అదురు చూసి తక్కినది ఊహించేవాణ్ణి. ఆ రోజు చెయ్యికీ ఏమీ తెలియలేదు. ఒక్క మాట, నాకు వినపడటం లేదు బావా అంటే సరిపోయేది. నవ్వేసి, "చప్పుడు బండిలో లేదు బావా, నీ చెవిలో ఉంది" అన్నాను. పన్నెండు రోజులకి కొండ మీదికి వెళ్లిన ఆయన తిరిగి రాలేదు.

అక్క మొహం చూడలేకపోయాను. తను నన్ను ఏమీ అడగలేదు, ఏమీ అనలేదు. ఆ మౌనానికి నాకు ఒకటే అర్థం తోచింది. అందుకే ఎవరికీ ఏమీ వినపడని చోటు వెతుక్కుని వచ్చాను. ఇక్కడ నా చెవుడు ఎవరికీ తెలియదు.

బుష్షులు ఒక పక్కకి చిరిగాయని నువ్వు రాసిన రోజు ఆ కాగితం పట్టుకుని కూర్చుండిపోయాను. నేల మీద పెట్టి బిగించు అని రాస్తే ఎందుకని అడుగుతావు. అడిగితే అంతా చెప్పాలి. పిరికితనంతో నీ చేతుల మీద నింద వేసి తప్పించుకున్నాను. నేను ఆ ఒక్క వాక్యం దాచుకున్నందుకు నువ్వు నా తప్పే మళ్లీ చేసి, అదే జీపులో, అదే దారిలో నెల రోజులు తిరిగావు. మీ నాన్న విషయంలో పొరపాటు. నీ విషయంలో తెలిసి చేసిన పాపం. నీ చేతుల బలానికి ఏ లోటూ లేదు.

ఇది అక్కకి చదివి వినిపిస్తావో, చింపేస్తావో నీ ఇష్టం.

నీ మామయ్య

జూలై 14

మామయ్యా,

ముందు చేసిన పని చెబుతాను. నువ్వు రాసిన వరసలోనే చేశాను. బుష్షులు మార్చి జీపు నేలకి దించాను. మందుల పెట్టె, నీళ్ల డబ్బా, తాళ్లు ఎక్కించాను. నేను కింద దూరితే సీట్లో నా బరువు లోటు పడుతుందని గొణుక్కుంటుంటే అమ్మ వచ్చి తలుపు తీసి నాన్న సీట్లో కూర్చుంది. పదకొండేళ్లలో ఆ సీటు ముట్టుకోవడం ఇదే మొదలు. నేను కింద బిగిస్తున్నంతసేపూ స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుంది. నిన్న పైనున్న ఐదు పాకలకీ వెళ్లి వచ్చాను. చప్పుడు లేదు. టీకాలు పూర్తయ్యాయి.

ఇప్పుడు నువ్వు జాగ్రత్తగా చదవాల్సినది. ఆ కీచ్-టుక్ పెట్టుకునే నేను పది రోజులు ఆ కొండ ఎక్కి దిగాను. వానలో, బురదలో, బ్రేకుల మీద. జీపు ఒక్కసారి కూడా పక్కకి లాగలేదు. స్టీరింగు బెత్తెడు తప్పలేదు. నీ తప్పు ఏం చేయగలదో నేను చేసి చూశాను మామయ్యా. చప్పుడు చేస్తుంది, అంతే. నిన్న నాన్న పడిన చోట దిగి చూశాను. అక్కడ రోడ్డు అంచుని కింద నుంచి నీళ్లు తొలిచేశాయి. కొత్త గోడ నాలుగు అడుగులు లోపలికి కట్టారు. పాత అంచు ఇప్పటికీ లోయలో కనపడుతుంది. అక్కడ ఆ రోజు ఏ జీపు ఉన్నా పడేది.

నా చేతుల గురించి నువ్వన్న మాట మాత్రం నొప్పిగానే ఉంది. అది నువ్వు వచ్చి ఎదురుగా చెబితేనే పోతుంది.

నీ ఉత్తరం అమ్మకి చదివాను. 'నాకు చెవులు పోతున్నాయి' అన్న చోట ఆపమంది. ఆ వాక్యం మళ్లీ చదివించుకుంది. ఏడ్చింది. తర్వాత చెప్పింది. నువ్వు జీపులో ఊరంతా తిరిగి వచ్చిన రోజు నాన్న ఇంటికొచ్చి ఆమెతో, "మీ తమ్ముడికి వినపడటం లేదు. నేను చెబితే కుంగిపోతాడు. వాడే చెబుతాడు, అప్పటిదాకా నువ్వు కదపకు" అన్నారట. నాన్నకి తెలుసు మామయ్యా. తెలిసే నవ్వి ఊరుకున్నారు. అమ్మ ఆయన మాట మీద నిలబడింది. నీ చేత చెప్పించకూడదని, నువ్వే చెప్పాలని చూసింది. నువ్వు చెప్పకుండా వెళ్లిపోతే, తనని పరాయిదాన్ని చేశావని కుమిలిపోయింది.

కింద నాలుగు మాటలు ఆమే రాస్తానంటోంది. కలం ఇస్తున్నాను.

నీ పానా

తమ్ముడూ,

నా రాత బాగుండదు, ఓపిగ్గా చదువు. జీపు గురించి నిన్ను ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. చెవుల గురించి నాకు చెప్పలేదని మాత్రం చాలా అనుకున్నాను. ఇప్పుడు చెప్పావు. ఆ బుష్షు నా దగ్గరే ఉంది, వచ్చాక నీ చేతికే ఇస్తాను, పారేసేది నువ్వే. బయలుదేరి రా. స్టేషన్లో నిన్ను పేరు పెట్టి పిలవను, నీకు వినపడదు. నువ్వు దిగే చోటికి వచ్చి, నీ ఎదురుగా నిలబడతాను.

అక్క